పాత మాడ్యూల్‌ని మన సరిహద్దు కొండల్లో ఆడించడం ఎలా?

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో మా మేడ మీద ఆదివారం మధ్యాహ్నం ఆరుగురం కూర్చుంటాం. ఆట నడిపేది నేను. ఆడేవాళ్ళు మా బావ, మా అప్ప పిల్లలిద్దరు, పక్క వీధిలో ఉండే అన్నదమ్ములు. అందరం ఇంట్లో తెలుగు మాట్లాడి, బళ్ళో ఒడియా చదువుకున్నవాళ్ళమే. "ఎదురుగా గుహ ఉంది, లోపల్నుంచి పొగ వస్తోంది, ఏం చేస్తారు?" అని నేను అడుగుతాను. వాళ్ళు తమ పాత్రల తరఫున చెబుతారు. అది జరుగుతుందో లేదో తేలని చోట పాచిక వేస్తాం. రోల్ ప్లేయింగ్ ఆట అంటే ఇంతే.

ఈ ఆటల్లో మొదట అచ్చయింది డంజన్స్ అండ్ డ్రాగన్స్, 1974లో. దాన్ని వేసిన టీఎస్ఆర్ కంపెనీ ఆ తర్వాత పల్చటి పుస్తకాలు చాలా తెచ్చింది. వాటినే మాడ్యూల్స్ అంటారు. ఒక పటం, గదుల వరస, ఏ గదిలో ఎవరున్నారు, వాళ్ళ దగ్గర ఏముంది, అన్నీ అందులో రాసి ఉంటాయి. వాటిలో పేరున్నవి ఇప్పటికీ డ్రైవ్‌త్రూ ఆర్‌పీజీ లాంటి సైట్లలో పీడీఎఫ్‌గా కొనుక్కోవచ్చు. నలభై ఏళ్ళ నాటివైనా వాటి అల్లిక గట్టిది. చిక్కల్లా అవి మరో దేశపు కోటలు, అడవులు, మఠాలు మనసులో పెట్టుకుని రాసినవి కావడమే. "మీరంతా టావర్న్‌లో కూర్చున్నారు" అని నేను మొదలుపెడితే మా బావ, "టావర్న్ అంటే ఏటి, ధాబాయా?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న, అది పాతకాలపు యూరప్‌లోని సారాయి సత్రం. ఆ రోజు నుంచి ప్రతి మాడ్యూల్‌నీ మా సొంత లోకంలోకి మార్చుకునే ఆడుతున్నాం. వంశధార, మహేంద్రతనయ, నాగావళి చుట్టూ అల్లుకున్న ఆ ఊహాలోకానికి మూడేర్ల సీమ అని పేరు పెట్టుకున్నాం.

ముందు పేర్లు తీసేసి కథ చెప్పండి

మాడ్యూల్‌ని మొదటిసారి కథలా చదవండి. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదవండి. ఆ తర్వాత పుస్తకం మూసి, ఒక్క పేజీలో, ఒక్క పేరు కూడా వాడకుండా కథ రాయండి. రాక్షసుల పేర్లు, ఊళ్ళ పేర్లు, దేవుళ్ళ పేర్లు ఏవీ ఉండకూడదు. ఇది రాయలేకపోతే ఆ మాడ్యూల్ మీకింకా అర్థం కాలేదన్నమాట. మళ్ళీ చదవండి.

గ్యారీ గైగాక్స్ 1979లో రాసిన 'ద కీప్ ఆన్ ద బోర్డర్‌ల్యాండ్స్' తీసుకుందాం. కొత్తవాళ్ళ కోసం రాసిన మాడ్యూల్ ఇది. పేరులోనే సరిహద్దు ఉంది కాబట్టి మా చేతికి ముందు వచ్చింది. నా పేజీలో ఇలా ఉంది: దేశం చివర ఒక కోట. అక్కణ్ణుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఇరుకు లోయ. లోయ గోడల్లో పదకొండు గుహలు. దాదాపు గుహకో ముఠా. వాళ్ళలో వాళ్ళకి పడదు, కొందరు మాత్రం చాటుగా చేతులు కలిపారు. ఒక ముఠా పక్క గుహలోని బలశాలికి డబ్బిచ్చి తోడు పిలుచుకుంటుంది. చివరి గుహలో చెడ్డ గుడి ఉంది. ఆ గుడి మనిషి ఒకడు కోటలోనే ఉన్నాడు, అందరితో నవ్వుతూ తిరిగే పూజారి వేషంలో.

ఇప్పుడు ఈ పేజీ కింద నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయండి. ఎవరికి ఏం కావాలి? ఎవరికి ఎవరంటే భయం? ఎవరు ఎవరికి బాకీ? మన హీరోలు అసలు రాకపోతే నెల తర్వాత ఏమవుతుంది? కొత్త చోటికి మోసుకుపోవలసింది ఈ జవాబుల్నే. మిగతాది మార్చుకోవచ్చు. ఈ మాడ్యూల్‌లో గైగాక్స్ కోట మనుషులకి పేర్లు కూడా పెట్టలేదు, హోదాలతోనే పిలిచాడు. ఆ పని ఆట నడిపేవాళ్ళకే వదిలేశాడు.

చోటు వెతకండి, కానీ నిజం చోటు మీద కూర్చోబెట్టకండి

ఈ పాఠం నేను నేర్చుకున్నది కీప్ కన్నా ముందు, వేరే మాడ్యూల్‌తో. ట్రేసీ హిక్‌మన్, లారా హిక్‌మన్ 1983లో రాసిన 'రావెన్‌లాఫ్ట్'లో కొండ మీద కోట, అందులో చావులేని ప్రభువు, ఊరిని చుట్టుకుని ఎవరినీ బయటకు పోనివ్వని పొగమంచు ఉంటాయి. మాకు పక్కనే మహేంద్రగిరి ఉంది, 1501 మీటర్ల ఎత్తు. కోటని తీసుకెళ్ళి ఆ శిఖరం మీద పెట్టేశాను. ఆట మొదలైన పావుగంటకే మా అప్ప కూతురు, "మావయ్యా, శివరాత్రికి అంతమంది కొండెక్కుతారు కదా, వాళ్ళకి ఈ కోట కనబడలేదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ కొండ మీద కుంతి గుడి, భీముడి గుడి ఉన్నాయి, పరశురాముడి తపస్సు కథ ఉంది. ఆడేవాళ్ళందరి మనసులోనూ ఆ కొండకు అప్పటికే ఒక కథ ఉంది. నా కోట ఆ కథకి అడ్డుపడింది. ఆట ఆపేశాం.

కాబట్టి తెలిసిన చోటి నుంచి గాలి, రాయి, చెట్టు, దారి తీసుకోండి. పేరు మాత్రం కొత్తది పెట్టండి. అలాంటి కొండనే ఒకటి ఊహించి, అక్కడికి ఎవరూ ఎందుకు వెళ్ళరో ఒక కారణం చెప్పండి.

పాత మాడ్యూల్‌లోని ప్రకృతి చూడ్డానికి ఎలా ఉంది అన్నది ముఖ్యం కాదు, అది కథలో ఏ పని చేస్తోంది అన్నది చూడండి. టామ్ మోల్డ్‌వే 1982లో రాసిన 'ద లాస్ట్ సిటీ'లో హీరోలు ఇసుక తుఫానులో బిడారు నుంచి తప్పిపోయి, నీళ్ళు అయిపోయి, ఇసుకలో కూరుకున్న పిరమిడ్ దగ్గరికి చేరతారు. మనకి ఎడారి లేదు. ఇసుక ఇక్కడ చేస్తున్న పనులు మూడు: దారి తప్పించడం, వెనక్కి పోనివ్వకపోవడం, పాత ఊరిని దాచిపెట్టడం. మన దగ్గర ఈ మూడింటినీ వాన చేస్తుంది. శ్రావణంలో రెండు గెడ్డలు (వాగులు) ఒకేసారి పొంగితే మధ్యలో చిక్కుకున్నవాడికి ముందుకీ లేదు, వెనక్కీ లేదు. నేను ఆ పిరమిడ్‌ని కొండచరియ విరిగిపడి కప్పేసిన పాత నగరం చేశాను. వానకి మట్టి కొట్టుకుపోయి పై అంతస్తు బయటపడింది. నీళ్ళ కరువు బదులు తిండి కరువు పెట్టాను: తడిసి బూజు పట్టిన చోడి (రాగి) పిండి, ఆరని కట్టెలు. మా బావ పాత్ర మూడు రోజులు పచ్చి పిండి నీళ్ళలో కలుపుకుని తాగింది. ఎడారి దాహం కన్నా అది అతనికి బాగా తగిలింది.

ఆ మాడ్యూల్‌లోనే భూమి అడుగున బతికే జనం ముసుగులు వేసుకుని, మత్తు కలల్లో తిరుగుతుంటారు. ఇది చదవగానే నాకు బరంపురం ఠాకురాణి జాతర గుర్తొచ్చింది. రెండేళ్ళకోసారి జరిగే ఆ జాతరలో జనం మొక్కు తీర్చుకోవడానికి రకరకాల వేషాలు కడతారు. రాత్రిపూట వీధి మలుపులో ఒక్కసారిగా పులి వేషం ఎదురైతే గుండె ఎలా కొట్టుకుంటుందో మా వాళ్ళకి చెప్పక్కర్లేదు. అందుకని మాడ్యూల్‌లోని మత్తు తీసేసి, మొక్కు పెట్టాను. మా లోకంలో ఆ జనం ఎప్పుడో మొక్కిన మొక్కు ఎలా ముగించాలో మరిచిపోయారు, అందుకే వేషం తీయలేరు. అయితే ఊరి అమ్మవారిని ఆ నగరపు చెడ్డ దేవతగా మాత్రం చేయలేదు. జాతర నుంచి వేషం తీసుకున్నాను, దేవతని తీసుకోలేదు.

ఎవరిని రాక్షసుల్ని చేస్తున్నారో చూసుకోండి

ఈ పని మొత్తంలో నేను ఎక్కువ రోజులు ఆలోచించింది ఇక్కడే. కీప్ మాడ్యూల్‌లో కోటలో నాగరికులు, అవతల గుహల్లో తెగలు. ఆ గుహల్లో పోరాడేవాళ్ళే కాదు, ఆడవాళ్ళు, పిల్లలు కూడా ఉన్నారని పుస్తకంలోనే రాసి ఉంది. దీన్ని ఏమీ మార్చకుండా మన కొండల్లోకి దించితే ఏమవుతుంది? కోటలో మనం, కొండ మీద తెగలు, వాళ్ళని చంపి బంగారం తెచ్చుకోవడం ఆట. మన కొండల్లో నిజంగా మనుషులున్నారు. సవరలు, కోందులు మన సంతకి వస్తారు, మన పిల్లలతో చదువుతారు. మాడ్యూల్‌లోని గాబ్లిన్‌లనే పొట్టి రాక్షసుల బదులు విల్లంబులు పట్టిన కొండజనాన్ని పెట్టడం చాలా సులువు, చాలా తప్పు కూడా.

ఇదే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవరలతో కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణం తెచ్చారు. 1936లో మంగేయి గొమాంగో ఆ భాషకి సొరంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశారు. ఆట నడిపేవాళ్ళకి కొత్త లిపి కనబడితే చేతులు దురద పెడతాయి, గుహ గోడ మీద రాక్షస శాసనంగా పెట్టాలనిపిస్తుంది. ఆ పని చేయకండి. దాన్ని పూజించుకునేవాళ్ళున్నారు. శాసనం కావాలంటే సొంతంగా నాలుగు గీతలు కనిపెట్టండి.

మరి గుహల్లో ఎవరుండాలి? మీ పేజీలోని బాకీలు, భయాలు చూడండి. వాటికి తెగలు అక్కర్లేదు, ముఠాలు చాలు. నేను ఓర్క్ అనే మొరటు రాక్షసుల రెండు గుంపుల్ని ఒకే గుత్తేదారు దగ్గర విడిపోయిన కిరాయి మనుషుల్ని చేశాను. గాబ్లిన్‌లు పన్ను ఎగ్గొట్టి పారిపోయిన ఉప్పు వ్యాపారులయ్యారు. బలశాలి ఓగర్‌ని మాత్రం నిజం రాక్షసుడిగానే ఉంచాను. ఒక్కడే, ముసలివాడు, చెట్ల మధ్య పుట్టినవాడు. కోట అధికారిని బిస్సోయిని చేశాను. పర్లాకిమిడి మాలియాల్లో, అంటే కొండ ప్రాంతాల్లో, కనుమలు కాపలా కాసిన కొండ దొరలకి ఆ పేరుండేది. అంటే మా ఆటలో కోటని కాచేవాళ్ళే కొండవాళ్ళు. ఈ ఒక్క మార్పుతో కథ మొత్తం తిరిగిపోయింది. దారి చూపే మనిషి, దారి మూసే మనిషి ఇద్దరూ కొండ ఎరిగినవాళ్ళే, కింది నుంచి వచ్చిన హీరోలే కొత్తవాళ్ళు.

బంగారం మార్చండి

పాత ఆటల్లో నిధి బంగారు నాణేల్లో ఉంటుంది. తెచ్చుకున్న ఒక్కో బంగారు నాణేనికి పాత్ర ఎదగడానికి పనికొచ్చే ఒక్కో అనుభవ పాయింటు వస్తుంది. ఈ లెక్క తీసేస్తే ఆట చప్పబడుతుంది, ఎందుకంటే అప్పుడు పోట్లాట మీదే మనసు పోతుంది. లెక్క ఉంచండి, వస్తువు మార్చండి.

మా కొండల్లో ఒకప్పుడు విలువైన సరుకు ఉప్పు. నౌపడ లాంటి తీరపు మడుల నుంచి అది పైకి ఎక్కాలి. కీప్‌లో గాబ్లిన్‌లు ఓగర్ సాయం కోసం 250 బంగారు నాణేల సంచి అతని గుహలోకి విసురుతారు. పాత నియమాల్లో పది నాణేలు ఒక పౌను బరువు. అంటే ఆ సంచి ఇరవై ఐదు పౌన్లు, మన లెక్కలో పదకొండు కిలోలు. నేను దాన్ని పదకొండు కిలోల ఉప్పు మూట చేశాను. ముసలి రాక్షసుడు గుమ్మం దగ్గర చతికిలబడి, మూటలో వేలు పెట్టి, నాలిక మీద రాసుకుని కళ్ళు మూసుకున్నాడు. మా మేనల్లుడు కత్తి తీయబోయినవాడు కాస్తా ఆగి, "మన దగ్గర ఉప్పుందా?" అని పక్కవాణ్ణి అడిగాడు. మాడ్యూల్‌లో ఉన్న బేరమే అది. ఉప్పు రూపంలో వచ్చేసరికి మా వాళ్ళకి అక్కడ బేరం ఉందని కనబడింది.

మిగతా నిధి కూడా అలాగే మార్చుకోండి: చింతపండు, పసుపు, కంచు బిందెలు, ఇనుప పనిముట్లు, కంబళ్ళు. ఒక్కోదానికి నాణేల్లో విలువ, మోయడానికి ఎందరు కావాలో పక్కనే రాసుకోండి. కావిడి బరువు మోస్తూ పరుగెత్తడం కుదరదని ఆడేవాళ్ళకి వెంటనే తెలుస్తుంది.

పుకార్లు సంతలో పుట్టించండి

కీప్‌లో పుకార్ల పట్టిక ఉంది. కొన్ని నిజం, కొన్ని అబద్ధం. ఆ పట్టికని ఏ మాత్రం తగ్గించకండి, ఇంకా పెంచండి. టావర్న్ బదులు వారపు సంత పెట్టండి. కొండచీపుర్లు అమ్మేవాడికి ఒక సంగతి తెలుసు, అడ్డాకులు కుట్టే అవ్వకి ఇంకొకటి, జీలుగు కల్లు తెచ్చినవాడికి మూడోది. ఎవరి దగ్గర ఏ పుకారు ఉందో ముందే పంచిపెట్టుకుంటే పాచిక వేయాల్సిన పని కూడా లేదు.

అబద్ధపు పుకార్లలో ఒకటి నాకు చాలా ఇష్టం. "బ్రీ-యార్క్" అంటే గాబ్లిన్ భాషలో "లొంగిపోతున్నాం" అని ఎవరో హీరోలకి చెబుతారు. అది తప్పు. నిజానికి గాబ్లిన్‌లు ఓగర్‌ని సాయం పిలిచేటప్పుడు అరిచే కేక అదే. నమ్మినవాడు కత్తి దించుతాడు, వెనక నుంచి ఓగర్ వస్తాడు. రెండు మూడు భాషలు కలిసే చోట పుట్టిపెరిగినవాళ్ళకి ఇంతకన్నా దగ్గరి విషయం ఏముంటుంది? ఒడియాలో పెద్దవాళ్ళు పిలిస్తే "ఆగ్యాఁ" అని వినయంగా పలుకుతారు. తెలుగు చెవికి దూరం నుంచి అది "ఆగయ్యా" అని వినబడుతుంది. మా ఆటలో ఏటి అవతల కాపలావాడు బిస్సోయి పిలుపుకి "ఆగ్యాఁ" అన్నాడు. ఇవతల గట్టు మీద తెలుగు మాత్రమే తెలిసిన పాత్రలు "మనల్నే ఆగమంటున్నాడు" అని విల్లు ఎక్కుపెట్టాయి. బల్ల చుట్టూ ఉన్న ఐదుగురికీ రెండు భాషలూ వచ్చు. అయినా తమ పాత్రలకి రాదు కాబట్టి బాణం వేశారు. ఆ కాపలావాడి అన్నతో రాజీ పడడానికి వాళ్ళకి మూడు ఆదివారాలు పట్టింది.

మీరు నాందేడ్ వైపో, సిరొంచ వైపో ఉంటే మరాఠీతో, గోండితో ఇలాంటివి మీకే దొరుకుతాయి. ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, ఒక్క సాయంత్రంలో పది చెబుతారు.

అంకెలు

దీనికి ఎక్కువ సమయం పెట్టొద్దు. మీరు కొత్త నియమాలతో ఆడుతుంటే ప్రతి జీవినీ లెక్కగట్టి మార్చకండి, కొత్త పుస్తకంలో అలాంటి జీవి అంకెలు తీసుకుని పేరు మార్చండి. ఆర్మర్ క్లాస్, అంటే ఒక జీవిని కొట్టడం ఎంత కష్టమో చెప్పే అంకె, ఒక్కటి గుర్తుంచుకోవాలి. పాతవాటిలో అంకె తగ్గే కొద్దీ రక్షణ ఎక్కువ. అప్పట్లో ఆట బేసిక్, అడ్వాన్స్‌డ్ అని రెండు రకాలుగా ఉండేది. బేసిక్ ఆట మాడ్యూల్ అయితే పందొమ్మిదిలోంచి, అడ్వాన్స్‌డ్ అయితే ఇరవైలోంచి పాత అంకె తీసేయండి. బేసిక్‌లో ఆరు ఉంటే ఇప్పుడు పదమూడు. సరిపోతుంది.

ఒక్కటి మాత్రం పాత పుస్తకం నుంచే తెచ్చుకోండి. ఎదురుపడ్డవాళ్ళు ఎలా స్పందిస్తారో రెండు పాచికలు వేసి చూడడం, పోరు మధ్యలో వాళ్ళ ధైర్యం నిలుస్తుందో లేదో మళ్ళీ రెండు పాచికలు వేసి చూడడం. ఈ రెండూ ఉంటేనే ముఠాలు మాట్లాడతాయి, పారిపోతాయి, లొంగిపోతాయి. అవి లేకపోతే ఉప్పు మూట, బాకీ, భయం అన్నీ కాగితం మీదే ఉండిపోతాయి.

చదివి వినిపించే భాగాన్ని మీ నోటితో రాయండి

ఇంగ్లీషు వర్ణనని వాక్యానికి వాక్యం తెలుగు చేస్తే ఇలా వస్తుంది: "మీరు ఉత్తరం వైపు ముప్పై అడుగులు విస్తరించి ఉన్న ఒక చీకటి నడవాను చూస్తారు." ఎవరూ ఇలా మాట్లాడరు. అదే గదికి నేను రాసుకున్నది ఇది: "గుమ్మం దాటగానే చల్లగా తగిలింది. ఎడం చేతి గోడ తడిగా ఉంది. ముగ్గురు పక్కపక్కన నడవొచ్చు, కత్తి తిప్పాలంటే ఇద్దరికే చోటు. లోపలెక్కడో ఎవరో తిరగలి తిప్పుతున్నారు." కొలత పోలేదు, కానీ శరీరానికి తెలిసేలా మారింది. తిరగలి చప్పుడు విన్నవెంటనే లోపల కాపురముంటున్న మనుషులున్నారని ఆడేవాళ్ళకి అర్థమైంది. దూరం చెప్పాల్సి వస్తే బారల్లో చెప్పండి. పది అడుగుల నడవా రెండు బారలకి కాస్త తక్కువ.

గదికి నాలుగు వాక్యాలు చాలు. అందులో ఒకటి చప్పుడో వాసనో అయి ఉండాలి. రాశాక ఒకసారి పైకి చదివి చూడండి. నోరు తడబడిన చోట మార్చండి.

పటాన్ని మళ్ళీ గీయక్కర్లేదు. గదుల అమరిక అలాగే ఉంచి పేర్లు అంటించుకోండి. మీ మార్పులు నెట్‌లో పెట్టాలనుకుంటే మాత్రం అసలు పటం, అసలు వాక్యాలు కాపీ చేయకండి. మీరు కనిపెట్టినవి మాత్రమే పెట్టి, ఏ మాడ్యూల్‌తో ఆడాలో పేరు చెప్పండి.

మొదటి ఆట అయ్యాక

ఆడేవాళ్ళు ఇంటికి వెళ్ళకముందే నోట్‌బుక్ తీసి, వాళ్ళు అడిగిన వాటిలో మీ దగ్గర జవాబు లేని ప్రశ్నలు రాసుకోండి. మార్పు ఎక్కడ సరిగ్గా అతకలేదో ఆ ప్రశ్నలే చూపిస్తాయి. వచ్చే ఆటకి ముందు వాటిలో ఒక్కదానికైనా జవాబు కట్టండి, అన్నిటికీ అక్కర్లేదు.

పోయిన ఆదివారం మా అప్ప కొడుకు మెట్లు దిగుతూ ఆగి, "గెడ్డ పొంగింది అన్నావు కదా మావయ్యా, మరి ఆ ఉప్పు తడవకుండా పైకెలా వచ్చింది?" అని అడిగాడు. నా నోట్‌బుక్‌లో ఇప్పుడు అదే మొదటి ప్రశ్న. దాని కింద పెరికెడ్లు (మూటలు మోసే ఎడ్లు) తోలుకొచ్చే ఒక ముసలామె పేరు, ఆమెకి మాత్రమే తెలిసిన ఎగువ దారి, ఆ దారిలో రాత్రిపూట ఎడ్లు ఎందుకు బెదురుతాయో రెండు వాక్యాలు రాసి పెట్టుకున్నాను.